మరిగే నీళ్లలో ముంచినా స్టైరీన్ షీట్ ఎందుకు వంగడం లేదు?

1/24 స్కేల్ మోడల్ కారు బానెట్‌కి స్కూప్ (గాలి లోపలికి వెళ్లే ఉబ్బెత్తు భాగం) చేద్దామని స్టైరీన్ షీట్‌ని, అంటే పాలిస్టైరీన్ ప్లాస్టిక్ రేకుని, మరిగే నీళ్లలో ముంచితే సరిగ్గా వంగలేదని మీరు రాశారు. బెంగళూరులో ఉంటున్నానని కూడా చెప్పారు. అసలు కారణం అందులోనే ఉంది.

పాలిస్టైరీన్ మెత్తబడేది సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఎంతసేపు కాచినా అంతకు మించి వేడెక్కవు. మోడల్ కారు కిటికీ అద్దాలకు వాడే పెట్‌జీ అనే పారదర్శక ప్లాస్టిక్ షీటైతే సుమారు 80 డిగ్రీలకే లొంగుతుంది.

అందుకే స్టైరీన్‌కి హీట్ గన్ (వేడి గాలి ఊదే పరికరం) తీసుకోండి. ముందు స్కూప్ ఆకారంలో చెక్క దిమ్మ చెక్కండి. షీట్ మందం పైన చేరుతుంది కాబట్టి దిమ్మ ఆ మేరకు చిన్నగా ఉండాలి. పక్కలు కొంచెం ఏటవాలుగా ఉంటేనే తర్వాత ఊడి వస్తుంది. దిమ్మను నున్నగా రుద్దండి, ఈ పనిలో బద్ధకించొద్దు, ప్రతి గీతా ప్లాస్టిక్‌లో కనిపిస్తుంది. తర్వాత ప్లైవుడ్ ముక్కలో అదే ఆకారంలో రంధ్రం కోయండి, చుట్టూ షీట్ మందమంత ఖాళీ వదలండి. దాని మీద షీట్‌ని పిన్నులతో బిగించి, అంతటా సమానంగా వేడి చేయండి. షీట్ కిందికి జారడం మొదలవగానే దిమ్మను ఒక్క ఊపున కిందికి నొక్కి, చల్లారేదాకా కదపకండి.

మూలల దగ్గర షీట్ సాగి పలచబడుతుంది. లోతైన స్కూప్‌కి 0.5 కంటే 1 మిల్లీమీటరు షీటే మేలు. కిటికీలు తెరిచి పని చేయండి, పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైనట్టే.