జేఆర్‌ఎఫ్ వచ్చింది, ఫార్మాలో చేరమంటే వద్దంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ప్రభుత్వమిచ్చే ఫెలోషిప్) వచ్చింది. రంధ్రాలున్న కర్బన పదార్థంలో పల్లాడియం అనే లోహం ఎక్కించి, మళ్లీ మళ్లీ వాడుకునే ఉత్ప్రేరకాల (రసాయన చర్యను వేగంగా నడిపే పదార్థాల) మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఐదేళ్లు పోతే పెళ్లి వయసు దాటదా? ఫార్మా ఉద్యోగం మేలా? – ఓ తండ్రి, గుంటూరు

జవాబు: మీ టెన్షన్ పల్లాడియం గురించి కాదని తెలుస్తూనే ఉంది. జేఆర్‌ఎఫ్ అంటే మొదటి రెండేళ్లూ నెలకు 37 వేలు, ఆపైన 42 వేలు. పిల్ల సొంత సంపాదనతో చదువుకుంటానంటే మీరు ముహూర్తాలు లెక్కపెడుతున్నారు. కాస్త ఆగండి సార్.

నాకూ ఒక అనుమానం ఉంది, అది వేరే: ఈ ఉత్ప్రేరకాలు నిజంగా మళ్లీ మళ్లీ పనిచేస్తాయా అని. 2025 కెమిస్ట్రీ నోబెల్ లోహ-కర్బన చట్రాలకు (ఎంఓఎఫ్‌లు) వచ్చాక అందరూ ఇదే అడుగుతున్నారు. మీ అమ్మాయి చెప్పేవి వాటి దాయాదులు. వీటి చట్రంలో లోహం ఉండదు, తర్వాత ఎక్కిస్తారు. 2011లో చైనాలోని లాంజౌ బృందం ఇలాగే పల్లాడియం ఎక్కించి సుజుకి చర్య (రెండు కర్బన అణువులను అతికించేది) నడిపింది. చర్య అయ్యాక వడగడితే ఫిల్టర్ పేపర్ మీద పొడి మిగులుతుంది. కడిగి, ఆరబెట్టి మళ్లీ వేస్తారు. ‘ఐదుసార్లు వాడినా ఈల్డ్ (దిగుబడి) తగ్గలేదు’ అని పేపర్లో రాస్తారు. రెండు గంటల్లో అయిపోయే చర్యను పన్నెండు గంటలు ఉంచితే, సగం చచ్చిన ఉత్ప్రేరకమైనా నిండు ఈల్డే ఇస్తుంది కదా! పైగా పల్లాడియం పొడిలోంచి ద్రావణంలోకి కారిపోయి, పని అక్కడ చేస్తుండొచ్చు. నోటితో వేసుకునే మందుల్లో దానికి రోజుకు 100 మైక్రోగ్రాములే పరిమితి. ఫార్మా వాళ్లకు ఉత్ప్రేరకం కిలోల్లో కావాలి. ఈ పొడులేమో చాలావరకు ల్యాబ్‌లో మిల్లీగ్రాముల దగ్గరే ఉన్నాయి.

అయినా ఐదేళ్లు గంగలో కలవవు. ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం చెప్పే పరీక్ష) చదవడం, ఐసీపీ అనే యంత్రంలో లోహం ఎంతుందో కొలవడం రేపు మందుల కంపెనీలోనూ పనికొచ్చేవే. ఎమ్మెస్సీతో ఇప్పుడే చేరితే జీతం వెంటనే మొదలవుతుంది, నిజమే. కానీ ఆర్ అండ్ డీలో కొన్నేళ్లయ్యాక పీహెచ్‌డీ లేదన్న మాట అడ్డొస్తుంది. అప్పుడు వెనక్కి రావడం కష్టం.

అమ్మాయిని ఆ ల్యాబ్‌కి పంపి రెండు ప్రశ్నలు అడగమనండి. చర్య సగంలో ఉండగా వేడివేడిగా వడగట్టి, ఆ ద్రావణంలో చర్య ఇంకా సాగుతోందేమో చూస్తారా? తిరిగి వాడినప్పుడు వేగం కొలుస్తారా, ఆఖరి ఈల్డ్ ఒక్కటేనా? గైడ్ విసుక్కుంటే ఇంకో ల్యాబ్ చూసుకోమనండి. మీరు తోడు వెళ్లినా సరే, గేటు బయట టీ తాగుతూ ఉండండి.