ఇందులో అమ్మ ఏదీ?

ప్రశ్న: అమ్మా, మా ఆవిడ పోయి వచ్చే నెలకి ఏడాది. సంవత్సరీకానికి వచ్చినవాళ్లకి పంచడానికి చిన్న పుస్తకం వేయిద్దామని నాలుగు పేజీలు రాశాను. మా అమ్మాయి చదివి "బాగుంది నాన్నా, కానీ ఇందులో అమ్మ ఏదీ?" అనేసి లేచి వెళ్లిపోయింది. ముప్ఫై ఏళ్లు షిఫ్టు డ్యూటీలు చేసినవాణ్ణి, నాకు రాతలు ఏం వస్తాయి? ఆవిడకి మాత్రం రాని పని లేదు. ముగ్గులు, కుట్లు, సంక్రాంతికి బొమ్మల కొలువు, కాలనీ పిల్లల నాటకాలకి పాటలు కూడా తనే కట్టేది. ముగ్గుల నోటుపుస్తకాలు పదకొండు, ఆ పాటల క్యాసెట్లు రెండు, చీరలు, కొలువు బొమ్మలు అలాగే ఉన్నాయి. వీటిని ఏం చేయాలి? నేను రాసింది ఎలా బాగుచేయాలి?
పేరు వద్దన్నారు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: బాబాయిగారూ, మీరు పంపిన నాలుగు పేజీలూ చదివాను. ఏమనుకోకండి, నేను అమ్మాయి వైపే. సహధర్మచారిణి, అన్నపూర్ణ, సహనానికి మారుపేరు... ఫొటో మార్చేస్తే ఈ మాటలు పక్కింటావిడకీ సరిపోతాయి. పైగా ఎప్పుడూ కోప్పడలేదని రాశారు. ఒక్క చుక్క తప్పితే వాకిలి మొత్తం కడిగేసి మళ్లీ మొదలుపెట్టే మనిషికి కోపం రాదంటే ఎవరైనా నమ్ముతారా?

అసలు సంగతి ఆ పేజీల్లో లేదు, వాటితో పాటు నాకు రాసిన ఉత్తరంలో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి మీ కిటికీ అద్దాలు పగిలి ఇంట్లోకి నీళ్లు వచ్చినప్పుడు ఆవిడ బియ్యం డబ్బా వదిలేసి ముందు ముగ్గుల పుస్తకాల పెట్టెని మంచం మీదకి ఎక్కించారని, మీరు "కొంప మునిగిపోతుంటే ముగ్గులేంటే" అని కసిరితే "బియ్యం రేపు పూర్ణా మార్కెట్లో దొరుకుతాయి, ఇవి దొరుకుతాయా" అన్నారని, కరెంటు లేని ఆ రోజుల్లో తడిసిన కాగితాలన్నీ దండెం మీద బట్టల క్లిప్పులు పెట్టి ఆరేశారని రాశారు కదా. అదండీ ఆవిడ! దాన్ని మొదటి పేజీలో పెట్టండి, భాష దిద్దకండి.

ఇంకో వాక్యం రాసి కొట్టేశారు, అయినా కనిపిస్తోంది. బొమ్మలు గీయడం నేర్చుకునే క్లాసుకి వెళ్తానంటే నైట్ షిఫ్టులు, పిల్లలు అని వద్దన్నానని. ఆ కొట్టివేత తీసేయండి. అది చదివితే జనం మిమ్మల్ని ఏమనుకుంటారో అని టెన్షన్ పడుతున్నారేమో గానీ, అది లేకపోతే ఆ పదకొండు పుస్తకాలు ఎందుకు నిండాయో చదివేవాళ్లకి అర్థం కాదు.

వస్తువుల్లో ముందు క్యాసెట్ల సంగతి చూడండి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, టేపుకి బూజు పట్టేస్తుంది. తెల్లగా ఏమైనా కనిపిస్తే ఇంట్లో పాత ప్లేయర్‌లో పెట్టి ఆడించకండి, క్యాసెట్లని డిజిటల్‌లోకి మార్చేవాళ్లకి ఇవ్వండి. నోటుపుస్తకాలకి లామినేషన్ వద్దు. పగటి వెలుతురులో ప్రతి పేజీని ఫోన్‌తో నిటారుగా పైనుంచి ఫొటో తీయండి, పక్కన ఆవిడ రాసుకున్న '15 చుక్కలు, సందు చుక్క 8 వరకు' లాంటి లెక్కలు, పాల ప్యాకెట్ల బాకీలు కూడా రావాలి. (మా అమ్మ ఆవకాయ కొలతలు ఒక పాత డైరీ చివరి పేజీలో రాసుకుంది. మేం తెలివితక్కువగా దాన్ని పేపర్లవాడికి వేసేశాం. పదేళ్లయింది, ఇప్పటికీ ఏ ఏడాదీ ఆ రుచి రాలేదు.) జరీ చీరలకి కలరా ఉండలు తగలనివ్వకండి, జరీ నల్లబడుతుంది. ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు మడత మార్చండి. అమ్మాయి కట్టుకుంటానంటే మాత్రం వెంటనే ఇచ్చేయండి.

ఇక బొమ్మలు. పెళ్లయిన ఏటినుంచి సంక్రాంతికి ఒక్కో ఏటికొప్పాక బొమ్మ కొనేవారని రాశారు. అవి అంకుడు కర్రతో చేసి లక్క పూసినవి, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నీళ్లతో కడగొద్దు, ఎండలో పెట్టొద్దు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. అయితే ఏ బొమ్మ ఏ ఏడాదిదో మీకు గుర్తులేదంటున్నారు. అమ్మాయికి కొన్ని గుర్తుంటాయి. ఇద్దరూ నేల మీద కూర్చుని వరసలో పెట్టండి, ఏ బొమ్మ దగ్గర తను ఏం చెబితే అది కాగితం మీద పెట్టండి, పుస్తకంలో మిగతా పేజీలు అవే. మీకు గుర్తున్నదీ తనకి గుర్తున్నదీ కలవకపోతే రెండూ వేసేయండి.

ఒక్క మాట, ఆ బొమ్మల పెట్టె అటక మీద ఉందన్నారు. అమ్మాయి వచ్చేదాకా స్టూలు ఎక్కకండి.