ముందు స్కాను, తర్వాతే స్టెంటు: బావగారి కామెర్ల గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో పంపిన స్కానింగు కాగితం చూశాను. లివరు లోపలి పైత్య గొట్టాలు ఉబ్బిపోయాయి, కిందికి దారి మూసుకుంది, రాయి మాత్రం కనబడలేదు. అదీ దాని సారాంశం. పైత్య గొట్టం (పిత్తనాళం) క్యాన్సరని ఇంకా ఎవరూ తేల్చలేదు. కానీ అరవై దాటిన మనిషికి నొప్పి లేకుండా కామెర్లు పెరుగుతూ, ఒళ్లు కరిగిపోతూ ఉంటే మొదట దాన్నే అనుమానించాలి. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను. ఈ ఉత్తరం ఫైల్లో పెట్టుకో.

పర్లాకిమిడిలో కామెర్లంటే ముందు పసరు మందుకే పరిగెడతారు, మీ అమ్మ కూడా ఈపాటికి పట్టించే ఉంటుంది. ఆపించు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి ఏ మందూ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి, ఆ పేరు పసరుకి దక్కుతుంది. బావగారివి అవి కావు, అడ్డు కామెర్లు. లివరులో తయారైన పైత్యరసం పేగులోకి దిగే దారి లేక రక్తంలోకి ఎక్కుతోంది. మూత్రం డికాషన్ రంగులో రావడం, మలం సుద్దముద్దలా తెల్లబడటం, రాత్రయితే అరచేతులూ అరికాళ్లూ దురదెత్తడం అందుకే. ఆ అడ్డుని ఏ ఆకూ కరిగించదు. చేతి మీద వాతలు పెట్టించడం మరీ ప్రమాదం. పైత్యం పేగులోకి రాకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టడం మందగిస్తుంది, ఆ పుండు నుంచి కారే రక్తం త్వరగా ఆగదు. మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్ సూదులూ వద్దు. కామెర్లున్నప్పుడు అవి కిడ్నీని దెబ్బ కొడతాయి.

రక్త పరీక్షల్లో ఎల్.ఎఫ్.టి (లివరు పరీక్ష) తో పాటు పి.టి-ఐ.ఎన్.ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీది), సి.ఎ. 19-9 (క్యాన్సరు సూచిక) రాయించు. ఐ.ఎన్.ఆర్ ఎక్కువగా ఉంటే విటమిన్ కె ఇంజెక్షన్లు వేసి సరిచేశాకే గొట్టాలూ సూదులూ. సి.ఎ. 19-9 అంకె చూసి హడలిపోకు. పైత్యం అడ్డుపడితే చాలు, క్యాన్సరు లేకపోయినా అది పెరుగుతుంది. కామెర్లు దిగాక మళ్లీ చేయిస్తేనే దానికి అర్థం. కొందరి ఒంట్లో అది పుట్టుకతోనే తయారు కాదు, వాళ్లకి క్యాన్సరున్నా మామూలుగానే వస్తుంది. ఐ.జి.జి-4 అనే పరీక్ష గురించి కూడా డాక్టర్ని అడుగు. అచ్చం క్యాన్సరులాగే కనబడి, స్టెరాయిడ్ మాత్రలతో తగ్గే జబ్బు ఒకటుంది.

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా ముఖ్యం. ఎక్కడికి వెళ్లినా "కామెర్లు ఎక్కువగా ఉన్నాయి, రేపే స్టెంటు వేసేద్దాం" అంటారు. స్టెంటంటే మూసుకున్న పైత్య గొట్టంలో దారి తెరిచి ఉంచే చిన్న గొట్టం. జ్వరం లేకపోతే తొందరపడకు. ముందు కాంట్రాస్ట్ సి.టి. (రంగు మందు ఎక్కించి తీసే స్కాను), ఎం.ఆర్.సి.పి. (పైత్య గొట్టాల ఎం.ఆర్.ఐ. స్కాను) రెండూ అయిపోవాలి, వాటిని లివరు ఆపరేషన్లు చేసే సర్జను చూడాలి, ఆ తర్వాతే స్టెంటు. స్టెంటు పడగానే ఉబ్బిన గొట్టాలు ముడుచుకుంటాయి, గోడలు వాస్తాయి, లోపలికి గాలి చేరుతుంది. తర్వాత ఎన్ని స్కాన్లు తీసినా గడ్డ ఎంతవరకు పాకిందో సరిగా తెలియదు. గడ్డ లివరు ముఖద్వారం దగ్గర ఉంటే ఇంకో చిక్కు. ఆపరేషన్లో లివరులో ఒక భాగం తీసేయాలి, కాబట్టి ఒంట్లో మిగిలే భాగం నుంచి పైత్యాన్ని బయటికి తీయాలి. చూడకుండా వేస్తే తీసేయబోయే వైపు గొట్టం పడుతుంది, ఉంచుకోవలసిన వైపు చీము పడుతుంది. గడ్డ కింద, క్లోమం దగ్గర ఉంటే, ఆపరేషన్ వెంటనే చేసే వీలుండి బిలిరుబిన్ (రక్తంలో కామెర్ల అంకె) మరీ ఎక్కువ లేకపోతే, స్టెంటు లేకుండానే నేరుగా విప్పుల్ ఆపరేషన్ (క్లోమం తల, పక్కనున్న పేగు, పైత్య గొట్టం కలిపి తీసేసేది) చేస్తారు. అడగడంలో తప్పు లేదు.

వేయక తప్పకపోతే, ఏ రకమో అడుగు. పైన తొడుగు లేని లోహపు స్టెంటు ఒకసారి పడితే తీయడం దాదాపు కుదరదు. జబ్బేమిటో తేలక ముందు అది వద్దు. ప్లాస్టిక్‌ది అయితే సుమారు 3 నెలలకి మార్పించాలి. ఆ తేదీ వంటింటి క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాయించు. మనిషి తిని తిరుగుతున్నాడు కదా అని వదిలేసిన స్టెంట్లే మూసుకుపోతాయి.

చలితో వణుకుతూ జ్వరం వస్తే మాత్రం పైన చెప్పిన వరసంతా పక్కన పెట్టు. మూసుకున్న గొట్టంలో చీము పట్టిందని లెక్క. మన గజపతి, రాయగడ వైపు వణుకుడు జ్వరమంటే అందరూ మలేరియా అనుకుంటారు. మలేరియా పరీక్ష చేయించు, కానీ దాని ఫలితం కోసం ఇంట్లో కూర్చోకు. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామంటే తెల్లారేసరికి బి.పి. పడిపోవచ్చు. యాంటీబయాటిక్ సెలైనులో ఎక్కించి, పైత్యాన్ని బయటికి తీసే ఏర్పాటున్న చోటికి ఆ రాత్రే బయల్దేరాలి. స్టెంటు పడ్డాక కూడా, ఎప్పటికైనా, ఇదే నియమం. రాత్రి పూట వచ్చే కారు ఎవరిదో, నంబరు ఎంతో ముందే చూసి ఉంచుకో.

నోటి ద్వారా గొట్టం పంపి చేసే ఇ.ఆర్.సి.పి. కుదరకపోతే పక్కటెముకల కింద నుంచి సూదితో లివరులోకి గొట్టం వేసి, బయట సంచి తగిలిస్తారు. దాన్ని పి.టి.బి.డి. అంటారు. ఇంటికి పంపాక దాని బాధ్యత మీదే. సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి. పడుకున్నప్పుడు మంచం పట్టెకి కట్టు, నేల మీద మాత్రం పెట్టకు. రోజూ ఒకే వేళకి ఖాళీ చేసి, ఎన్ని మిల్లీలీటర్లో, ఏ రంగో నోటుబుక్కులో రాయి. బంగారు పసుపు, లేత ఆకుపచ్చ ఫరవాలేదు. రక్తం, చీము, లేదా నిన్న 500 వచ్చి ఇవాళ ఏమీ రాకపోవడం, పక్క నుంచి కారి గుడ్డ తడవడం, ఇవన్నీ వెంటనే ఫోను చేయవలసినవి. గొట్టాన్ని సెలైనుతో కడగమని నర్సు చేతిలో పెట్టి నేర్పితేనే, ఆమె చెప్పిన కొలతే, మెల్లగా లోపలికి తొయ్యి. సిరంజితో వెనక్కి లాగకు, పేగులోని మురికి లివరులోకి వస్తుంది. రోజుకి లీటరు దాకా పోతుంటే ఒంట్లో ఉప్పూ నీరూ పోతున్నట్టే, ఓ.ఆర్.ఎస్. తాగించి డాక్టరుకి చెప్పు. చొక్కా తొడిగేటప్పుడు గొట్టం బొత్తానికి చిక్కి ఊడిపోవడం మామూలుగా జరిగే ప్రమాదం. మూడు వేళ్ల వెడల్పు ప్లాస్టరుతో పొట్టకి ఇంకోచోట కూడా అతికించి ఉంచు. ఊడితే నువ్వు తిరిగి తొయ్యకు. శుభ్రమైన గుడ్డ అద్ది ఆసుపత్రికి తీసుకెళ్లు.

ముక్క పరీక్ష (బయాప్సీ) గురించి. ఇ.ఆర్.సి.పి.లో బ్రష్‌తో గీకి తీసిన కణాల్లో "క్యాన్సరు కనబడలేదు" అని వస్తే సంబరపడొద్దు. పిత్తనాళం గడ్డలో కణాలు తక్కువ, నారలాంటి పదార్థం ఎక్కువ, అందుకే బ్రష్‌కి తరచూ దొరకదు. ఆపరేషన్ చేయగలిగేదయితే చాలాసార్లు ముక్క పరీక్ష లేకుండానే చేస్తారు. అలాంటప్పుడు ఎవరైనా పొట్టలోంచి సూది గుచ్చి తీస్తామంటే, సర్జనుని అడక్కుండా ఒప్పుకోకు, సూది దారి వెంట జబ్బు పాకే ప్రమాదముంది. కీమో ఇవ్వాలంటే మాత్రం ముక్క కావలసిందే. ముక్క తీస్తే మైనపు బ్లాకు (ముక్కని మైనంలో భద్రపరిచింది), స్లైడ్లు అడిగి తెచ్చుకో. తర్వాత జన్యు పరీక్షలు దాని మీదే చేస్తారు.

ఎక్కడికని అడిగావు. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కటక్‌లో ఆచార్య హరిహర క్యాన్సరు ఆసుపత్రి, విశాఖలో కె.జి.హెచ్. (కింగ్ జార్జ్ ఆసుపత్రి), అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. పెద్ద పేరు చూసి బండెక్కకు. ముందు ఫోను చేసి ఇ.ఆర్.సి.పి. చేసేవాళ్లు, పి.టి.బి.డి. వేసేవాళ్లు, లివరు సర్జను ముగ్గురూ ఒకే చోట ఉన్నారా అని అడుగు. మీ ఆరోగ్య కార్డు ఒడిశాది. ఆంధ్రా ఎన్టీఆర్ వైద్యసేవ అక్కడి వాళ్లకే, అది మీకు రాదు. మీకున్నది ఆయుష్మాన్ గోపబంధు కార్డు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకి అదనంగా మరో 5 లక్షలు. విశాఖలో ఏ ఆసుపత్రి దాన్ని తీసుకుంటుందో చేరక ముందే ఆయుష్మాన్ కౌంటరులో తేల్చుకో. మన వాళ్లకి పట్టుకునే చిక్కు పేరు దగ్గరే. ఆధార్‌లో ఒడియా ఉచ్చారణతో ఒకలా, ల్యాబు కాగితంలో తెలుగు పద్ధతిలో ఇంకోలా ఉంటే అనుమతి ఆగిపోతుంది. మొదటి రక్త పరీక్ష నుంచే ఆధార్‌లో ఉన్న అక్షరాలే రాయించు. స్కాను ఫిల్ములతో పాటు సి.డి. అడుగు, సర్జను చూసేది అదే.

క్యాన్సరని తేలితే ఆసుపత్రి ఇచ్చే రైల్వే సర్టిఫికెట్ మీద స్లీపరు, థర్డ్ ఏ.సి.లలో రోగికి టికెట్ ఉచితం, తోడు వెళ్లే ఒక్కరికి 75 శాతం తగ్గింపు.

ఆపరేషన్ అవుతుందంటే దానికి మించింది లేదు. మిగిలే లివరు చిన్నదైతే, తీసేయబోయే వైపు రక్తనాళాన్ని మూసి, రెండో వైపు పెరిగేదాకా కొన్ని వారాలు ఆపుతారు. వాయిదా వేస్తున్నారని కోప్పడకు. ఆపరేషన్ అయ్యాక చాలామందికి ఆరు నెలలు కేపిసిటబీన్ అనే కీమో మాత్రలు ఇస్తారు. ఆపరేషన్ కుదరకపోతే జెమ్‌సిటబీన్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందులు, 3 వారాల చక్రంలో మొదటి రోజు, ఎనిమిదో రోజు. ఇప్పుడు వాటికి ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సరు మీదికి లేపే మందు) కలుపుతున్నారు. అది ఖరీదు, కలిపితే వచ్చే లాభం కొంతే. పొలం అమ్మేముందు ఎన్ని నెలల తేడాకి ఎంత అని డాక్టర్ని సూటిగా అడుగు. బిలిరుబిన్ దిగకుండా కీమో మొదలెట్టరు, దిగడానికి వారాలు పడుతుంది. కీమోలో 100.4 డిగ్రీల జ్వరం దాటితే అదీ ఆ రాత్రే బయల్దేరే జ్వరం.

తిండి విషయంలో మీ అమ్మతో నువ్వే మాట్లాడు. కామెర్లని నూనె లేదు, పసుపు లేదు, చప్పిడి కూడు పెడుతూ ఉంటుంది. ఆయనకిప్పుడు బరువు కావాలి. గుడ్డు, చేప, పప్పు, పెరుగు, చిక్కగా చోడి (రాగి) అంబలి, కొంచెం కొంచెంగా రోజుకి ఆరుసార్లు. కొవ్వు పడక జిడ్డు విరేచనమైతేనే నూనె తగ్గించాలి. కీమోలో తెల్ల కణాలు పడిపోయినప్పుడు తరవాణి, చద్దన్నం మానిపించు, వేడి అన్నమే పెట్టాలి. దురదకి గోళ్లు కత్తిరించి, చల్లటి తడిగుడ్డ వేసి కొబ్బరినూనె రాయండి. దురదకే డాక్టరు కొలెస్టిరమీన్ పొడి ఇస్తే మిగతా మాత్రలు దానికి గంట ముందో, నాలుగు గంటల తర్వాతో వేయాలి. కలిపి వేస్తే వాటిని కూడా అది పట్టేసుకుంటుంది.

నొప్పి ఎక్కువై మార్ఫిన్ రాస్తే "ఇక ఆఖరుకొచ్చింది" అని బెదరకండి. గడియారం చూసి వేళకి వేయాలి, నొప్పి వచ్చాక కాదు. మలబద్ధకం రాకుండా విరేచనం మాత్ర మొదటి రోజు నుంచే కలపాలి.

ఆయనకి చెప్పొద్దని ఇంట్లో అందరూ అంటారు. ఆయన మూత్రం రంగు రోజూ ఆయనే చూసుకుంటున్నారు. "గొట్టంలో అడ్డు ఉంది, గడ్డేమో అని చూస్తున్నారు" అని ఇప్పుడే చెప్పు, అడిగినంతవరకే చెప్పు, అబద్ధం మాత్రం చెప్పకు. ఆపరేషన్ కాగితం మీద వేలిముద్రో సంతకమో పెట్టేది ఆయన.

సోమవారం ఎం.ఆర్.సి.పి. కుదిరితే సి.డి. తీసుకుని గుణుపురం పాసింజరుకి ఒక్కడివే విశాఖ రా, ముందు సర్జనుకి చూపిద్దాం. బావగారిని ఈ దఫా తిప్పకు. జ్వరం వస్తే మాత్రం నా కోసం ఆగకు.

మీ మావయ్య