ముందు చక్రాలు విప్పి ఉంచు

మర్రిపాలెం,
విశాఖపట్నం.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి హారికకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేను, మీ పెద్దమ్మ క్షేమం. మొన్న ఆదివారం రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు పాత మారుతీ 800 ఒకటి కొన్నావనీ, దాన్ని ఆటోక్రాస్ పోటీకి తయారు చేయిస్తున్నావనీ, నా మాటైతే వింటావు కాబట్టి ఎలాగైనా మాన్పించమనీ అడిగాడు. సరే చూస్తానని ఫోన్ పెట్టేశాను గాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయం వేసిన మాట నిజమే. మన ఇంట్లో నా తరువాత పానా పట్టుకునే మనిషి ఒకరు తేలారన్న సంతోషం కూడా ఉంది, అది మీ నాన్నతో అనలేదు. నేను మాన్పించను. మధురవాడకు మర్రిపాలెం ఎంత దూరమని ఉత్తరం రాస్తున్నానంటావేమో. ఫోన్‌లో చెబితే సగం నువ్వు వినవు, మిగతా సగం నేను మరిచిపోతాను.

ఆటోక్రాస్ అంటే పక్కపక్కన బళ్ళు ఒరుసుకుంటూ పోయే పందెం కాదనీ, కోన్ల మధ్య చాలావరకు ఒక్కొక్క బండే గడియారంతో పోటీ పడుతుందనీ మీ నాన్నకు చెప్పాను. కొంత తెరిపిన పడ్డాడు. బండి ఎంపికలో నిన్ను తప్పు పట్టను. ఆరున్నర క్వింటాళ్ళ బరువు, మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్, ఏ సందులోనైనా దొరికే సామాను. 2014లో తయారీ ఆగిపోయినా ఈ ఊళ్ళో దాన్ని కళ్ళు మూసుకుని విప్పగల మేస్త్రీలు ఇంకా ఉన్నారు. చిన్న బండితో తప్పులు కూడా చిన్నవిగానే జరుగుతాయి.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. మోటార్ స్పోర్ట్స్ ఫెడరేషన్ లైసెన్సు తీసుకో. హెల్మెట్ కార్ల పోటీకి తగినదే కొనుక్కో, మీ తమ్ముడి బైకుది పెట్టుకోవద్దు. బ్యాటరీని ఇనుప పట్టీతో బిగించు. సీటు కింద దొర్లే నీళ్ళ సీసాలూ, డిక్కీలో స్పేర్ టైరూ తీసేయి. సైలెన్సర్ మోత పెంచితే వేగం పెరగదు.

చట్టం మాట కొంచెం వివరంగా చెప్పాలి. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చి రోడ్డు మీద తిప్పడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడేలా మోటారు వాహనాల చట్టంలో నిబంధన ఉంది. అంతకంటే నన్ను భయపెట్టేది బీమా. నీ పాలసీ కాగితం తీసి చదువు, పోటీలకూ వేగ పరీక్షలకూ అది వర్తించదని రాసి ఉంటుంది. కాబట్టి పోటీకి మార్చిన బండి ట్రాలీ మీద మైదానానికి వెళ్ళి ట్రాలీ మీదే తిరిగి రావాలి. తెల్లవారుజామున బీచ్ రోడ్డు ఖాళీగా ఉంటుందని అక్కడ సాధన మొదలుపెట్టావో, ముందు నేనే పోలీసులకు ఫోన్ చేస్తాను. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల వైపు కూడా బండి తిప్పకు. వేల సంవత్సరాలుగా గాలీ నీరూ కలిసి పోసిన మట్టి అది, నీ టైర్లకు మరొక మైదానం దొరుకుతుంది.

పని మొదలుపెట్టేది ఇంజన్‌తో కాదు, బ్రేకులతో. మన ఊరి గాలిలో తేమ ఎంతో నీకు తెలుసు. బ్రేక్ ఆయిల్ ఆ తేమను లోపలికి పీల్చుకుంటుంది. బ్రేక్ ఆయిల్‌కు డాట్ 3, డాట్ 4 అని రకాలున్నాయి. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నీరు కలిశాక అదే 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఆ లెక్క 230, 155. బజారుకు వెళ్ళి వచ్చేటప్పుడు ఈ తేడా తెలియదు. మైదానంలో మలుపు మలుపుకూ పెడల్ మీద నిలబడితే ముందు డిస్కులు కాలిపోయి, ఆయిల్‌లోని నీరు ఆవిరై, పెడల్ మెత్తటి దిండులా కిందికి దిగిపోతుంది. సీలు విప్పని డబ్బా కొని, పోటీకి వారం ముందు నాలుగు చక్రాల దగ్గరా పాతది పూర్తిగా దించేసి కొత్తది నింపించు. సగం వాడి మూత పెట్టిన డబ్బా ఎవరు ఇచ్చినా తీసుకోకు, నేను ఇచ్చినా సరే.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణానికి వస్తాను. స్ప్రింగులు పొట్టివి వేయించి బండి ఎత్తు తగ్గించి కిందికి దింపిస్తానని నువ్వు అన్నట్టు మీ నాన్న మాటల మధ్యలో చెప్పాడు. ఆయన దృష్టిలో అది రంగు వేయించడం లాంటిది. నాకు మాత్రం చేతిలో టీ గ్లాసు కింద పెట్టవలసి వచ్చింది.

1996 నాటి మాట. అప్పటికి నేను పానా పట్టి పద్నాలుగేళ్ళు. ఒక బ్యాంకులో క్యాషియర్‌గా పనిచేసే ఆయన తెల్ల 800 నా దగ్గరికే సర్వీసుకు తెచ్చేవాడు. ముప్పయి అయిదేళ్ళుంటాయి, మితభాషి. ఏదో పత్రికలో నేలకు ఆనినట్టున్న కారు బొమ్మ చూసి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకు వచ్చి, నా ముందు బానెట్ మీద పరిచాడు. పోటీకి పనికివచ్చే పొట్టి స్ప్రింగులు ఈ ఊళ్ళో దొరికేవి కావు. చెన్నై నుంచో కోయంబత్తూరు నుంచో తెప్పించాలి, ఆయన జీతానికి అది పెద్ద ఖర్చు. నేను ఆయనకు డబ్బు మిగిల్చాలనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు చేతకానిది లేదని ఆయనకు చూపించాలనుకున్నాను. ముందు రెండు స్ప్రింగులూ ఊడదీసి, గ్యాస్ మంటతో ఒక్కొక్క దానికి చుట్టున్నర కోసేశాను.

బండి అంగుళమున్నర దిగింది. ఎంత అందంగా ఉందంటే షెడ్డులో కుర్రాళ్ళు పని ఆపి చుట్టూ తిరిగి చూశారు. నేనే నడిపి ఎన్.ఎ.డి. కూడలి దాటి గాజువాక దాకా వెళ్ళి వచ్చాను. మలుపుల్లో ఒరగడం తగ్గింది, గట్టిగా నిలబడింది. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, అది నిజమే. మనం మోసపోయేదీ అక్కడే. నేను చూడని సంగతి ఒకటి ఉంది. చక్రం నేల మీద ఉన్నంతసేపూ స్ప్రింగు నొక్కుకుని తన పళ్ళెంలో, అంటే దాని కొసను పట్టి ఉంచే గిన్నె లాంటి భాగంలో, కూర్చుని ఉంటుంది. చక్రం గాలిలోకి లేస్తే స్ట్రట్టు, అంటే స్ప్రింగును మోసే నిలువు షాకబ్జర్, పూర్తిగా సాగుతుంది, అప్పుడు పై పళ్ళేనికీ కింది పళ్ళేనికీ మధ్య ఉన్న ఎడం నేను కోసిన స్ప్రింగు పొడవు కంటే ఎక్కువ. అంటే దాన్ని పట్టి ఉంచేది ఏమీ లేదు. గాజువాక రోడ్డు మీద చక్రం ఎప్పుడు లేస్తుంది? లేవలేదు, నాకు తెలియలేదు. దానికి తోడు, మంట తగిలిన చోట ఉక్కు తన పదును పోగొట్టుకుంటుందని నాకు తెలిసి కూడా, తడిగుడ్డ చుట్టాను కదా ఏమీ కాదులే అనుకున్నాను.

పోటీ మట్టి మైదానంలో. రెండు రౌండ్లు చక్కగా తిరిగాడు. మూడోసారి ఎడమ మలుపు దాటాక చిన్న మట్టి గట్టు మీద ఎడమ ముందు చక్రం జానెడు లేచింది. నేను తాడు ఇవతల నిలబడి ఉన్నాను. వంటింట్లో ఇత్తడి గిన్నె జారిపడినట్టు ఒక చప్పుడు వినిపించింది. చక్రం నేలను తాకేసరికి స్ప్రింగు కోసిన కొస తన గాడిలో లేదు. పళ్ళెం అంచు దాటి బయటికి పొడుచుకు వచ్చి టైరు లోపలి గోడను కత్తిలా చీల్చింది. బండి ఎడమకు లాగేసి ఇసుక మూటల మీదికి పోయింది. వేగం పెద్దగా లేదు, ముప్పయి అయిదో నలభయ్యో ఉంటుంది. కాని స్టీరింగ్ ఒక్కసారిగా తిరిగినప్పుడు ఆయన ఎడమ బొటనవేలు స్టీరింగ్ చక్రం కమ్మీ లోపలికి చుట్టి ఉంది. ఆ వేలి మొదట్లో ఎముక విరిగింది.

అంతే. ఇంకెవరికీ దెబ్బ తగలలేదు, బండి కూడా నాలుగు రోజుల్లో తయారైంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రోడ్డు మీద పరీక్షించావుగా, నీ తప్పేముంది అన్నాడు. ఆ తరువాత పదకొండేళ్ళు, బదిలీ అయ్యేదాకా, ప్రతి సర్వీసుకూ నా దగ్గరికే వచ్చాడు. నోట్లు లెక్కపెట్టడమే వృత్తిగా గల మనిషి, ఎడమ చేత్తో కట్ట పట్టుకోలేక, కుడి చేత్తో ఒక్కొక్క నోటూ తీసి బానెట్ మీద వరసగా పేర్చి నాకు ఇచ్చేవాడు. తొందర లేకుండా, పైకి లెక్కపెడుతూ. ఒకసారి తీసుకోనన్నాను, పని చేయించుకుని డబ్బివ్వకుండా ఎలా వెళ్తానని ఆయనే నొచ్చుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఈ సంగతి మీ నాన్నకు కూడా తెలియదు, మీ పెద్దమ్మకు తెలుసు.

అందుకని, హారికా, స్ప్రింగు కోస్తానన్న మేస్త్రి ఎంత మంచివాడైనా, ఎన్నేళ్ళ అనుభవం ఉన్నవాడైనా, తాళం చెవి తీసుకుని ఇంటికి వచ్చేయి. పద్నాలుగేళ్ళ అనుభవం నాకూ ఉండేది. దింపాలనే ఉంటే, పొట్టి స్ప్రింగుకు తగినట్టు పొట్టిగా సాగే స్ట్రట్టులతో కలిపి అమ్మే జత కొను. జాకీ మీద ఎత్తి చక్రం వేలాడుతుండగా స్ప్రింగును చేత్తో పట్టి తిప్పి చూడు. తిరిగిందంటే దాన్ని మైదానానికి తీసుకెళ్ళవద్దు. అసలు మట్టిలో పోటీకి దింపడమెందుకో నాకు అర్థం కాదు. కింద రాయి తగిలి చాంబర్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, పగిలితే ఇంజన్ ఆయిల్ అంతా అక్కడే పోతుంది. ఎత్తు అలాగే ఉంచి, మంచి షాకబ్జర్లు, కొత్త లోయర్ ఆర్మ్ బుష్షులు, కొత్త బాల్ జాయింట్లు వేయించి, చాంబర్ కింద మందపాటి రేకు బిగించు. ఈ డబ్బుతో నీ సమయం ఎంత తగ్గుతుందో చూసి నువ్వే ఆశ్చర్యపోతావు.

పాత బండి కాబట్టి తుప్పు చూడాలి. సముద్రపు గాలి పైన రంగును ఏమీ చేయనట్టే ఉండి లోపల రేకును తినేస్తుంది. హుద్‌హుద్ తుఫాను తరువాత నా దగ్గరికి వచ్చిన బళ్ళలో ఇది కళ్ళారా చూశాను. కార్పెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో నేల రేకునూ, తలుపుల కింది పెట్టెలనూ, బానెట్ లోపల స్ట్రట్టు తల బిగించే గుండ్రటి భాగాన్నీ పొడిచి చూడు. మొదటి రెండింటికీ వెల్డింగ్ చేయించవచ్చు. మూడోదాంట్లో స్క్రూడ్రైవర్ దిగితే ఆ బండి పోటీకి పనికిరాదు, ఎంత పెట్టి కొన్నావన్నది మరిచిపో.

టైర్ల గాలికి నా దగ్గర ఖరీదు లేని పద్ధతి ఒకటి ఉంది. గట్టి నేల మీద సాధన చేసేటప్పుడు టైరు భుజం మీద, నడిచే భాగం నుంచి పక్క గోడ దాకా, సుద్దతో అడ్డంగా గీత గీయి. ఒక రౌండు తిరిగి వచ్చి చూడు. భుజం మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. సుద్ద ఆ గుర్తు దాటి కిందికి చెరిగిపోతే గాలి చాలలేదు, టైరు మడత పడుతోంది. గుర్తు దాకా కూడా చెరగకపోతే గాలి ఎక్కువైంది. రెండు పౌండ్ల చొప్పున మార్చుకుంటూ పుస్తకంలో రాసుకో. ముందు చక్రాలే లాగి, ముందు చక్రాలే తిరిగే బండి ఇది. వేగంగా మలుపులోకి దూరితే ముక్కు బయటికి పోతుంది. అప్పుడు స్టీరింగ్ ఇంకా తిప్పడం కాదు, యాక్సిలరేటర్ కొంచెం వదలాలి. కార్బొరేటర్ బండి అయితే ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసి నోరు తెరిచి ఉంచమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఆ ఎర్రదుమ్ము సిలిండర్లలోకి పోతే ఒక్క సీజన్‌కే ఇంజన్ పొగ పడుతుంది.

బొటనవేళ్ళు రెండూ స్టీరింగ్ చక్రం అంచు మీద ఉండాలి, కమ్మీ లోపల కాదు. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు కూడా అలాగే పట్టుకో. అలవాటు అక్కడే పడుతుంది. నువ్వు చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నప్పుడల్లా నీ వేళ్ళు విడదీసి బయట పెట్టేవాణ్ణి, నువ్వేమో చిరాకు పడేదానివి. కారణం ఇప్పుడు తెలిసిందిగా.

మీ నాన్నకు నేను సర్ది చెబుతాను. పోటీ రోజు ఆయన రాకపోయినా నేను వస్తాను, తాడు ఇవతలే నిలబడతాను. వచ్చే ఆదివారం ఉదయం ఎనిమిదింటికల్లా మీ ఇంటికి వస్తున్నాను. బండిని చదును నేల మీద పెట్టి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ముందు చక్రాలు విప్పి ఉంచు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరకు, రెండు స్టాండ్లూ ముందే పంపిస్తాను, బండిని వాటి మీద ఆనించు. టిఫిన్ మీ పెద్దమ్మ కట్టి పంపుతానంది, మీ అమ్మను ఏమీ చేయవద్దని చెప్పు.

ఇట్లు,
నీ పెదనాన్న