ఉడికితే పోతుందిలే అనుకోకు

చిన్నా,

భీమవరంలో చికెన్ పకోడీ బండి పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో మళ్లీ ఒకడు గరిటె పట్టాడని గర్వంగానే ఉంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కోడికి కత్తి, చెక్క వేరుగా పెట్టుకో. ముక్కల్ని పంపు కింద కడగకు, తుంపర్లు చుట్టూ పడతాయి (మీ పెద్దమ్మ ఒప్పుకోదు, ఇప్పటికీ పసుపేసి కడుగుతుంది). ముక్కలు తీశాక గిన్నెలో మిగిలిన మసాలా పారబోయ్. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. ఎండాకాలంలో ఓ లంక ఊళ్లో పెళ్లి. మర్నాటి పలావు భోజనాలకి నలభై కిలోల ముక్కలకి రాత్రి పదింటికే పెరుగు, ఉప్పు, కారం, నిమ్మరసం పట్టించాను. పడవలో తెచ్చిన ఐసు దిమ్మలు రేవు చేరేసరికే సగం నీళ్లు. గుండిగల మీద తడి గోనెలు కప్పి, ఉప్పూ పులుపూ పడ్డాయి కదా, ఏం చెడుతుందిలే అని కొబ్బరిచెట్ల కింద పడుకున్నాను. పైగా చూపుడు వేలు తెగి చీము పట్టి ఉంది. గుడ్డ చుట్టి ఆ చేత్తోనే కలిపాను. పొద్దున మూత తీస్తే వాసనైనా లేదు. ముక్క ఎక్కడా పచ్చి లేకుండా ఉడికించాను కూడా. సాయంత్రానికి వాంతులు. పెళ్లికొడుకు తాతగారిని మంచంతో సహా పడవెక్కించారు. కబురు వచ్చేదాకా రేవు మెట్ల మీదే కూర్చున్నాను. బతికారు.

డాక్టరుగారు ముందు నా వేలే చూశారు. పుండులోని క్రిములు వేడికి చస్తాయి గానీ, అవి ముందే వదిలిన విషం ఎంత ఉడికించినా పోదన్నారు. వెధవని, ముప్పై ఏళ్లు పొయ్యి దగ్గరుండీ ఆ ముక్క తెలియదు నాకు!

అందుకే, మసాలా పట్టించగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్, 4 డిగ్రీలు దాటనివ్వకు. బయట మొత్తం మీద రెండు గంటలే, మన ఎండల్లో అయితే గంటే. బండి మీదకి కొంచెం కొంచెంగా తెచ్చుకో. భీమవరంలో రొయ్యల పుణ్యమా అని ఐసుకేం కొదవ? కానీ అది డబ్బా చుట్టూ పెట్టు, ముక్కల్లో పడనివ్వకు. ముక్క మధ్యలో 74 డిగ్రీలు చూసి దింపు. వేలికి గాటు పడిన రోజు నువ్వు కలపకు. బేరం పోతే పోనీ, నాన్నా.

పూతరేకుల డబ్బా అడుగున థర్మామీటరు, గ్లౌజులు పెట్టాను. ముందు అవి తీసి, తర్వాత తిను.

మీ పెదనాన్న