క్రిస్మస్ దినాలలో క్రీస్తు చూపిన తగ్గింపును ఆచరణలో పెట్టడం ఎలా?

దుప్పట్లు, కేకులు పంచి ఫొటోలు తీసుకోవడంతో సరిపెట్టుకోకుండా, క్రిస్మస్ దినాలలో క్రీస్తు చూపిన తగ్గింపును, అంటే తన్ను తాను తగ్గించుకునే వినయాన్ని, నిజంగా ఆచరించడం ఎలాగని మీరు అడిగారు. చెన్నై పెరంబూరులోని ఒక తెలుగు సంఘంలో చాలా ఏళ్లుగా పరిచర్య చేస్తున్న విశ్వాసిగా నాకు తెలిసింది చెబుతాను. అవతలి మనిషికి ఏది అవసరమో ఆ మనిషినే చెప్పనివ్వడం, చెప్పిన పని ఎంత చిన్నదైనా మన పేరు బయటికి రాకుండా చేయడం, ఈ రెండూ లేని సేవలో తగ్గింపు ఉండదని నా నమ్మకం.

నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు వైపుల నుంచి వైద్యం కోసం చెన్నైకి వచ్చే తెలుగువారు చాలామంది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి కృషితో 1954లో 12 పడకలతో మొదలైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, సెంట్రల్ స్టేషను ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనూ మన మాట వినిపిస్తూనే ఉంటుంది. డిసెంబరు రాగానే సంఘాలవారు ఇలాంటి ఆసుపత్రులకు కేకులతో బయలుదేరతారు. ప్రేమతోనే వెళతారు, సందేహం లేదు. కానీ నోటికో గొంతుకో రేడియేషన్ తీసుకుంటున్నవారికి నోరు పూసి, మెతుకు మింగడమే కష్టంగా ఉంటుంది. కీమో తీసుకున్నవారిలో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి, పాటలు పాడే బృందమంతా మంచం చుట్టూ చేరడం వారికి ప్రమాదం కూడా. అందుకే ముందు నర్సమ్మను అడగాలి, తరువాత రోగిని, రోగి వెంట ఉన్నవారిని అడగాలి.

అలా అడిగినప్పుడు సూళ్లూరుపేట వైపు నుంచి భర్తను తీసుకువచ్చిన ఒక పెద్దావిడ, "కేకు వద్దు నాయనా, రేపు డాక్టరమ్మ ఏం చెప్తుందో నాకు అర్థమయ్యేట్టు చెప్పు, చాలు" అన్నారు. ఆమెకు తమిళం రాదు. ఏ కిటికీ దగ్గర డబ్బు కట్టాలో, స్కానింగుకు ఏ పూట పరగడుపున రావాలో చెప్పేవారు లేక ఆమె వరండాలో కూర్చుని ఉన్నారు. మా సంఘంలో తమిళం బాగా వచ్చినవారు కొందరు వంతులు వేసుకుని ఇలాంటివారి వెంట వెళ్లడం ఆ సంవత్సరం నుంచే మొదలైంది. ఈ పనిలో మనం మన మాట కలపకూడదు, డాక్టరు చెప్పింది దాచకూడదు, రోగి అడగదలచిన ప్రశ్నను మనకు తోచినట్టు మార్చకూడదు. ఆ సమయంలో సువార్త ప్రకటించడం కూడా తగదని నేను గట్టిగా అంటాను, ఎందుకంటే మన సహాయం మీద ఆధారపడి ఉన్న మనిషికి, ఇప్పుడు వినలేనని చెప్పే స్వేచ్ఛ ఉండదు.

ఇక సంఘం లోపలి సంగతి ఇంతకంటే కష్టమైనది. క్రీస్తు తన్ను తాను రిక్తునిగా చేసుకుని దాసుని రూపం ధరించాడన్న మాటలను మనం క్రిస్మస్ ప్రసంగాలలో తరచు వింటాం. అవి బైబిల్లోని ఫిలిప్పీ పత్రిక, అంటే ఫిలిప్పీ సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన ఉత్తరం, రెండో అధ్యాయంలోనివి. అదే పత్రిక నాలుగో అధ్యాయంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలను ఏకమనస్సుతో ఉండమని పౌలు పేరు పెట్టి బతిమాలుకున్నాడు. ఆ గొప్ప వాక్యం, మనస్పర్థలున్న ఒక సంఘానికే రాసినదన్నమాట. సెమీ క్రిస్మస్ రోజున వేదిక మీద ఎవరు కూర్చోవాలి, కేకు ఎవరు కోయాలి అన్న పట్టింపులు మన సంఘాలలో ఎంత దూరం వెళతాయో మీకూ తెలిసే ఉంటుంది.

చెన్నై వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వారిలో కొందరు మా సంఘ సభ్యులు. క్రిస్మస్ విందు అయ్యాక ఎంగిలి విస్తళ్లు ఎత్తే పని అడగకుండానే ఆ అక్కల మీదే పడేది. ఈ పద్ధతి మార్చాలని పెద్దలు నిర్ణయించి, ఆ రోజు వడ్డన, ఊడ్పు, గిన్నెలు కడగడం అన్నీ తమ కుటుంబాలవారే చేయాలని, ఆ అక్కలు మొదటి పంక్తిలో కూర్చోవాలని ఏర్పాటు చేశారు. మొదట్లో ఒక అక్క, "మాకు అలవాటేనండీ, మీరు కూర్చోండి" అంటూ చీపురు వదలలేదు. పాస్టరమ్మ గారు ఆమె చేయి పట్టుకుని, ప్రభువైన యేసు శిష్యుల పాదాలు కడగబోయినప్పుడు శిష్యుడైన పేతురు కూడా ముందు వద్దన్నాడని గుర్తు చేసి కూర్చోబెట్టారు. సేవ అందుకోవడానికీ తగ్గింపు కావాలి. మనం ఎప్పుడూ ఇచ్చేవారిగానే ఉండాలనుకోవడంలో కొంత అతిశయం దాగి ఉంటుంది.

కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మత్తయి సువార్త మాటకు, నా దృష్టిలో, రక్తదానం కంటే దగ్గరైన పని లేదు. ఇచ్చినవారెవరో పుచ్చుకున్నవారికి తెలియదు. దానం చేసిన ప్లేట్‌లెట్లు సాధారణంగా 5 రోజులకు మించి నిలవ ఉండవు కాబట్టి, పండుగ సెలవుల్లోనూ దాతలు వస్తూనే ఉండాలి. అర్హత ఉన్న యువకులను ఇరవయ్యయిదో తేదీ ఆరాధన అయ్యాక, ఒకేసారి కాకుండా, రోజుకు కొందరి చొప్పున రక్తనిధికి పంపండి.

మీ సంఘం ఈ సంవత్సరమే మొదలుపెట్టదలచితే, డిసెంబరు మొదటి వారంలోనే మీకు దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లి, రోగుల సహాయం చూసే సిబ్బందిని కలిసి, ఏ రోజు ఏ పనికి మనుషులు కావాలో వారినే అడిగి రాసుకోండి. తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ చాలావరకు వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు సాగుతుంది. క్రిస్మస్ ముందు చికిత్స మొదలైనవారు సంక్రాంతి తరువాత కూడా ఆ వరండాలలోనే ఉంటారు కనుక, వంతుల పట్టికను జనవరి నెలాఖరు వరకూ వేసుకోండి.