బైక్ రేసింగ్‌కు ఆర్‌టీఓ లైసెన్సు సరిపోతుందా?

నమస్కారం. ఇరవై ఏళ్ల మీ తమ్ముడు మామూలు డ్రైవింగ్ లైసెన్సుతో రేసుల్లో పాల్గొనవచ్చా అని, అంతవరకు జడ్చర్ల దగ్గర 44వ జాతీయ రహదారి మీద సాధన చేయవచ్చా అని అడిగారు. రెండవ ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను: దయచేసి చేయనివ్వకండి. ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద బండ్లతో రేసు పెట్టుకోవడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారికే 3 నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కేసు మాట అటుంచితే, పక్క ఊరి దారి నుంచి హైవే ఎక్కే ట్రాక్టరు నడిపేవారికి అతని వేగం అంచనాకు అందదు.

రేసుకు కావలసింది పోటీ లైసెన్సు. దాన్ని మన దేశంలో మోటారు క్రీడల జాతీయ సమాఖ్య అయిన ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇస్తుంది. వయసు రుజువు, వైద్యుడిచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. మిగతా నిబంధనలు, రుసుము ఏటా మారవచ్చు కాబట్టి వారి వెబ్‌సైట్‌లోనే చూడండి.

అయితే లైసెన్సు కన్నా ముందు శిక్షణ అవసరం. తమిళనాడులో రేసు ట్రాక్‌లున్నాయి: శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే. మలుపులో చూపు ఎక్కడ నిలపాలో, బ్రేకు ఎప్పుడు వదలాలో అక్కడే, గురువు కళ్లెదుటే నేర్చుకోవాలి. బండి కొనడానికి తొందరపడకండి. అందరూ ఒకే మోడల్ నడిపే వన్ మేక్ పోటీల్లో బండిని నిర్వాహకులే సమకూర్చే పద్ధతి ఉంది. ఆ డబ్బును ముఖమంతా కప్పే మంచి హెల్మెట్, తోలు సూటు, వెన్ను రక్షణ కవచం, గ్లవుజులు, బూట్ల మీద పెట్టండి.